వెరసి ఎంత?

పాత దస్తావేజులూ, చిట్టా పుస్తకాలూ తిరగేసినవాళ్లకి "వెరసి" అన్న మాట కొత్తది కాదు. అంకెలన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చి, అడుగున అడ్డగీత గీసి, ఆ గీత కింద "వెరసి ఇంత" అని వేస్తారు. ఒకసారి వెరసి పడిందంటే ఇక దానికి తిరుగులేదన్నమాటే. పైనున్న అంకెలు ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, ఏది వెయ్యకుండా వదిలేశారు అని అడిగే నాథుడుండడు. మా ఉదయగిరి వైపు మెట్టపల్లెల్లో ఒకప్పుడు కరణంగారి నోట ఆ మాట వస్తే అదే శాసనం. 1984లో కరణీకాలు రద్దయ్యాయి. కరణాలు పోయారు గాని వెరసి పోలేదు. పెళ్లి ఖర్చుల లెక్కల్లోనూ, రచ్చబండ పంచాయతీల్లోనూ, పెద్దవాళ్ల మాటల్లోనూ ఇంకా బతికే ఉంది.

ఈ మాట మీద నాకింత ధ్యాస కలగడానికి కారణం మా హాస్టలు గది. గదిలో మేం ముగ్గురం. నేను లా చదువుతున్నాను. ఒక మిత్రుడిది గణితం. ఇంకొకడిది జంతుశాస్త్రం, శరీరధర్మశాస్త్రం అంటే ప్రాణం. ఒక రాత్రి ముగ్గురం మూడు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే, ముగ్గురి పుస్తకాల్లోనూ ఒకటే ఇంగ్లీషు మాట కనిపించింది: "సమ్మేషన్". నాకు అది కోర్టులో కేసు చివర వాదనను క్రోడీకరించడం. లెక్కలవాడికి శ్రేణి మొత్తం. మూడోవాడికి నరాల్లో జరిగే కూడిక. మాదే అసలు అర్థమని ముగ్గురం వాదించుకున్నాం. టీ కొట్టు మూసేవేళ దాకా తెగలేదు. ఆ వాదన సంగతి ఎలా ఉన్నా, మా ఇంట్లో ముప్పై ఏళ్ల పైబడిన ఒక వెరసి ఉంది. దాని గుట్టు ఈ మూడు పుస్తకాలూ కలిస్తేగాని నాకు విడలేదు. అదే ఇక్కడ చెప్పదలుచుకున్నాను. ముందు శాస్త్రాలు, తర్వాత ఇంటి సంగతి.

ముందు నా శాస్త్రం. మన దేశంలో జ్యూరీ ఉన్న రోజుల్లో, సాక్షుల విచారణా వాదనలూ అయిపోయాక జడ్జి జ్యూరీ వైపు తిరిగి, రెండు పక్షాల సాక్ష్యాన్నీ క్రోడీకరించి, వర్తించే చట్టాన్ని వివరించి చెప్పేవాడు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 297వ సెక్షను అదే. చెప్పేది జడ్జి, తేల్చేది జ్యూరీ. ఆ క్రోడీకరణలో ఏదైనా జారిపోతే ఏమవుతుందో నానావతి కేసు చూపించింది. 1959లో బొంబాయిలో నౌకాదళ కమాండర్ నానావతి, తన భార్యతో సంబంధం పెట్టుకున్న వ్యక్తిని కాల్చి చంపాడన్నది అభియోగం. జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, ఒక్కరు కాదన్నారు. ఆ తీర్పును సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపాడు. తీరా చూస్తే ఆ జడ్జి జ్యూరీకి చెప్పిన దాంట్లోనే లోపాలున్నాయని పై కోర్టు తేల్చింది. అది పొరపాటున జరిగిందనే వాదనను రుజువు చేసుకోవలసిన భారం ముద్దాయిదేనన్న ముక్క జ్యూరీకి సరిగా చెప్పలేదట. హైకోర్టు శిక్ష వేసింది, 1961 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. చూడండి, సాక్ష్యం మారలేదు, సాక్షులు మారలేదు. మొత్తం వేసేటప్పుడు ఒక మాట జారింది, వెరసి తలకిందులైంది.

1973 కోడ్‌తో మామూలు క్రిమినల్ కోర్టుల్లో జ్యూరీ ముచ్చట ముగిసింది. అయినా క్రోడీకరణ పోలేదు. సెషన్స్ కేసులో ప్రాసిక్యూటరు తన కేసును క్రోడీకరించి చెప్పాలి, ముద్దాయి తరఫువారికి జవాబిచ్చే హక్కుంటుంది. ఆ "జవాబు" అన్న ముక్కను పట్టుకోండి. ఒకవైపు కూడికే వేసి రెండోవైపు వినకుండా గీత గీస్తే, చట్టం దృష్టిలో అది మొత్తమే కాదు.

చట్టానికి ఇంకో మంచి గుణం ఉంది. సాక్షులను లెక్కపెట్టదు, తూస్తుంది. ఒక సంగతి రుజువుకు ఇంతమంది సాక్షులుండాలన్న నియమం లేదని 1872 సాక్ష్య చట్టం 134వ సెక్షను చెప్పింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య అధినియంలోనూ ఆ సూత్రం అలాగే ఉంది. పదిమంది కట్టుసాక్షుల కంటే చూసినవాడు ఒక్కడు నయం. 1984లో శరద్ బిర్దీచంద్ శారదా కేసులో సుప్రీంకోర్టు మరో మాట తేల్చింది. కేసు మొత్తం పరిస్థితుల సాక్ష్యం మీదే నిలబడ్డప్పుడు ఒక్కొక్క పరిస్థితీ విడిగా రుజువు కావాలి, అన్నీ కలిసి తెగని గొలుసు కావాలి. అనుమానం ఎంత బలమైనదైనా రుజువు స్థానంలో కూర్చోలేదు. ఇది విని మా లెక్కలవాడు తొడ చరిచాడు. "సున్నాలు వెయ్యి కూడినా సున్నాయే కదరా! దానికి సుప్రీంకోర్టు దాకా పోవాలా?" అన్నాడు. పోవాల్సే వస్తుంది నాయనా, సున్నాకి ఒకటి వేషం వేసి తీసుకొచ్చే వకీళ్లు మాలో ఉన్నారు కాబట్టి!

ఇక వాడి శాస్త్రం. కూడిక ఒంటరి పని కాదని మనవాళ్లకు ఏనాడో తెలుసు. క్రీ.శ. 499లో ఆర్యభటుడు వరుస సంఖ్యల మొత్తానికీ, వాటి వర్గాల మొత్తానికీ, ఘనాల మొత్తానికీ సూత్రాలు చెప్పాడు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఎనిమిది పరికర్మలు లెక్కించి, వాటిలో "సంకలితం" అని ఒకటి పెట్టాడు. అంటే మామూలు కూడిక కాదు, శ్రేణిని మొత్తం చెయ్యడం. మామూలు కూడిక అందరికీ వచ్చేదే కదా అని కాబోలు, విడిగా చెప్పనే లేదు. ఆ గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కల పుస్తకాన్ని పద్యంలో పెట్టిన జాతి మనది. నేటి పుస్తకాల్లో మొత్తానికి గుర్తుగా కనిపించే గ్రీకు అక్షరం సిగ్మాను 1755లో ఆయిలర్ వాడుకలోకి తెచ్చాడు.

మా వాడు నాకు రెండు శ్రేణులు చూపించాడు. మొదటిది రొట్టె లెక్క. రొట్టెలో సగం తిను, మిగిలిన దాంట్లో సగం తిను, మళ్లీ మిగిలిన దాంట్లో సగం. అర, పావు, అరపావు... ఇలా జన్మంతా తింటున్నా ఒక రొట్టె దాటవు. రెండోది: ఒకటి, ఒకటిలో రెండో వంతు, మూడో వంతు, నాలుగో వంతు, అయిదో వంతు... ఇవీ చిన్నవై పోతూనే ఉంటాయి. కాని వీటి మొత్తం ఏ హద్దులోనూ ఆగదు. మూడో వంతూ నాలుగో వంతూ కలిస్తే అర కంటే ఎక్కువ. అయిదో వంతు నుంచి ఎనిమిదో వంతు దాకా నాలుగూ కలిస్తే మళ్లీ అర కంటే ఎక్కువ. తర్వాత ఎనిమిది, ఆ తర్వాత పదహారు. ఇలా అరలు పుడుతూనే ఉంటాయి. పద్నాలుగో శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు ఒరెమ్ అనే పండితుడు చెప్పిన రుజువు ఇది. అయితే ఎంత నిదానమంటే, మొత్తం 10 దాటడానికి 12,367 పదాలు కావాలి. అందాకా చూసేవాడెవడైనా "ఇదెక్కడ పెరుగుతుందిలే" అనుకుంటాడు. చిన్నవి కదా అని తేలిగ్గా తీసుకోవద్దని దీని నీతి. చిన్నవన్నీ కలిస్తే పెద్దవై తీరతాయనుకోవద్దని రొట్టె లెక్క నీతి. ఏ శ్రేణి ఏ కోవదో పదాలను చూసి కాదు, అవి తగ్గే తీరును చూసి చెప్పాలి.

ఇంకో చిత్రం. ఒకటి తీసుకో, అర తీసెయ్యి, మూడో వంతు కలుపు, నాలుగో వంతు తీసెయ్యి. ఇలా పోతే మొత్తం సుమారు 0.693 దగ్గర నిలుస్తుంది. అవే పదాలను, ఒక్కటీ వదలకుండా, ఒకటి కలిపి రెండు తీసేసే వరసలో పేరిస్తే మొత్తం సరిగ్గా సగమవుతుంది. ఇలాంటి శ్రేణి పదాలను వరస మార్చి కోరిన మొత్తం తెప్పించవచ్చని జర్మనీ గణితవేత్త రీమాన్ చూపాడు. ఇది విన్నాక మా వకీళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. సాక్ష్యాల వరస మార్చి కేసు రంగు మార్చే విద్య మాకొక్కరికే తెలుసనుకున్నాను.

మూడోవాడు అంతదాకా పడుకుని వింటున్నాడు. "మీ కూడికలన్నీ కాగితం మీద. నా కూడిక మీ వెన్నులో జరుగుతోంది, మీకు తెలీకుండానే" అని లేచాడు. ఒక నరకణం లోపలి భాగం బయటి కంటే సుమారు 70 మిల్లీవోల్టులు రుణంగా ఉంటుంది. అది రుణ 55 ప్రాంతానికి ఎగబాకితేగాని కణం తన సంకేతాన్ని పంపదు. ఆ గడప దాటితే పూర్తి సంకేతం, దాటకపోతే ఏమీ లేదు. అర సంకేతం, ముప్పావు సంకేతం అనేవి లేవు. పక్క కణం నుంచి వచ్చే ఒక్కొక్క ప్రేరణ సామాన్యంగా ఒక మిల్లీవోల్టుకు కూడా తూగదు. పైగా సెకనులో వందో వంతు, రెండు వందో వంతుల కాలంలో ఆరిపోతుంది. మరి గడప దాటేదెలా? రెండే దారులు. ఒకే చోటు నుంచి ప్రేరణలు ఆరిపోయే లోపల వెంటవెంటనే రావాలి. దాన్ని కాల సంకలనం అంటారు. లేదా చాలా చోట్ల నుంచి ఒకేసారి రావాలి. అది స్థల సంకలనం.

నరకణాలు కలిసే చోటుకు 1897లో "సినాప్స్" అని పేరు పెట్టిన షెరింగ్టన్ దొర ఇదంతా కుక్క గోకుడులో గమనించాడు. చర్మం మీద ఒక చోట సన్నగా కదిలిస్తే కుక్క కాలెత్తదు. అదే కదలిక మళ్లీమళ్లీ వస్తేనో, పక్కపక్కన రెండు చోట్ల ఒకేసారి తగిలితేనో కాలెత్తి గోక్కుంటుంది. 1906లో ఆయన అచ్చువేసిన పుస్తకం నేటికీ ఈ శాస్త్రానికి పునాది. 1932లో నోబెల్ బహుమతి వచ్చింది. అన్నిటికన్నా నన్ను పట్టేసింది చివరి ముక్క. కణం మీదికి వచ్చేవన్నీ కలిపే ప్రేరణలు కావు. నిరోధించేవి కూడా ఉంటాయి. అవి వోల్టేజిని వెనక్కి లాగుతాయి. కణం రెంటినీ కలిపే మొత్తం వేస్తుంది. అంటే మన వెన్నులోని ఒక్కొక్క కణమూ రెండు పక్షాలూ విన్నాకే తీర్పు చెబుతోందన్నమాట!

ఇప్పుడు ఇంటి సంగతి.

మాది ఉదయగిరి దుర్గం కనిపించేంత దూరంలో ఒక మెట్ట ఊరు. మా తాతకు యాభై సెంట్ల చేను ఉండేది. మిగతాదంతా కూలి. 1980లలో "వారుణి వాహిని" పేరుతో ప్రభుత్వ సారా ప్లాస్టిక్ ప్యాకెట్లలో పల్లెపల్లెకూ వచ్చింది. తాత రోజూ అరువుకు తాగేవాడు. 1991లో పోయాడు. పెద్దకర్మ అయిన మూడోనాడు దుకాణం ఆయన చిట్టా చంకన పెట్టుకొచ్చాడు. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు కూర్చున్నారు. ఆయన తేదీ తేదీకీ చదివి, చివర "వెరసి" అని అంకె చెప్పాడు. అవ్వకు అక్షరం ముక్క రాదు. చేను పోయింది. తాత ఆయన పొలంలోనే నాట్లకూ కోతలకూ కూలికి పోయేవాడు. ఆ కూలి చేతికి రాలేదు, "చిట్టాలో వేసుకుంటాలే" అనేవాడట. ఖర్చు పేజీ చదివారు గాని, జమ పేజీ ఎవరూ తియ్యమనలేదు.

సాక్ష్య చట్టం 34వ సెక్షను చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఖాతా పుస్తకంలోని పద్దులు సాక్ష్యానికి పనికొస్తాయి గాని, అవి ఒక్కటే ఒకరి మీద బాకీ మోపడానికి చాలవు అని అందులో ఉంది. 1872 నుంచీ ఉంది. మా ఊరి రచ్చబండ దాకా నూట పంతొమ్మిదేళ్లలో నడిచి రాలేకపోయింది.

తాత పోయిన కొన్నాళ్లకే మా పెదనాయన అదే దారి పట్టాడు. ఆ ఏడే నెల్లూరు జిల్లాలో "అక్షరదీపం" పేరిట వయోజనుల చదువు ఉద్యమం మొదలైంది. రాత్రిపూట లాంతరు కింద పలకలు పట్టుకున్న ఆడవాళ్లలో మా అవ్వ ఒకతి. అంకెలు రాగానే ఆమె చేసిన మొదటి పని, పెదనాయన తాగొచ్చిన రోజుకొక బొగ్గుగీత చొప్పున వంటింటి గోడ మీద గియ్యడం. నెల తిరిగేసరికి పంతొమ్మిది గీతలు. పంతొమ్మిది రోజుల కూలి. ఆ మొత్తం ఆమె బడిలో అందరి ముందూ చెప్పిందట. ఆ మర్నాడు ఇంకో ఇద్దరి వంటిళ్లలో గీతలు పడ్డాయి. ఎవరి గోడ వాళ్లది. ఒక్కొక్కరూ మొగుడినో కొడుకునో అడిగారు, తన్నులు తిన్నారు, ఊరుకున్నారు. మా మూడోవాడి భాషలో చెప్పాలంటే, ప్రేరణ వచ్చింది, గడప దాటక ముందే ఆరిపోయింది. దుకాణం ఆయన బెదిరింపులూ, "ఆడదానివి నీకెందుకు" అన్న మాటలూ నిరోధాలు.

అప్పుడు కలిగిరి మండలం దూబగుంట కబురు వచ్చింది. అక్కడి ఆడవాళ్లు, రోశమ్మ మొదలైనవాళ్లు, కలిసి సారా దుకాణం మూయించారని. ఆ కథ అక్షరదీపం వాచకంలో పాఠంగా ఎక్కింది. ఊరూరా రాత్రి బడిలో ఆ పాఠం కూడబలుక్కుని చదివారు. "వాళ్లు చేసింది మనం చెయ్యలేమా" అన్న ప్రశ్న చాలా చోట్ల ఒకేసారి పుట్టింది. 1992లో మా ఊళ్లో ఆడవాళ్లంతా దుకాణం ముందు కూర్చున్నారు. మొదటి రోజు తరిమేశారు. రెండో రోజు మళ్లీ వెళ్లారు. మూడో రోజు, నాలుగో రోజు. ఆరిపోయేలోపల మళ్లీ. చోటూ కలిసింది, కాలమూ కలిసింది. దుకాణం మూతపడింది. జిల్లాలో సారా వేలం పాటలను ఆడవాళ్లు అడ్డుకుంటే అవి వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు ఒకటి నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది.

ఇక్కడ గీత గీసి "వెరసి విజయం" అని రాస్తే వినడానికి బాగుంటుంది. కాని పద్దులు ఇంకా ఉన్నాయి. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. సారా తిరిగి రాలేదు గాని సీసాలు వచ్చాయి. ప్రేరణలు ఆగితే వోల్టేజి దిగిపోతుందని మూడోవాడి పుస్తకంలో ఉన్నదే. పెదనాయన రెండేళ్లు మానేశాడు, తర్వాత మళ్లీ పట్టాడు, నడివయసు దాటకుండానే పోయాడు. పోయిన చేను తిరిగి రాలేదు. ఇవన్నీ ఖర్చు పేజీలో.

జమ పేజీ సంగతి అవ్వే చెప్పింది. మొన్న సెలవులకు వెళ్లినప్పుడు, అన్ని కష్టాలు పడి ఏం మిగిలిందని అడిగాను. "ఏందబ్బయా అట్టంటావు? ఆ రెండేళ్లు వాడు తెచ్చిచ్చిన కూలితోనే గదా మీ నాయన్ని పదో తరగతి చదివించింది. ఆత్మకూరులో రూము అద్దె గూడా అందులోదే" అంది. మా నాయన పదో తరగతి ప్యాసయ్యాడు, ఐటీఐ చేశాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు. నేనిలా లా కాలేజీలో కూర్చుని 34వ సెక్షను చదవడం ఆ రెండేళ్ల పద్దు కిందికే వస్తుంది. జిల్లా లెక్కల్లో ఇది ఎక్కడా ఎక్కలేదు. ఎక్కించేవాళ్లు అడగలేదు కాబట్టి.

మిత్రులారా, మన బతుకుల మీద ఎవరో ఒకరు వెరసి వేస్తూనే ఉంటారు. మార్కుల జాబితా ఒక వెరసి. హాజరు శాతం ఒక వెరసి. "మెట్ట ప్రాంతం, వెనకబడిన ప్రాంతం" అని మా ఊళ్ల మీద వేసేదీ వెరసే. కూడికలో తప్పుండకపోవచ్చు, అంకెలు వేసినవాడి చేతిలోనే గీత గీసే పెన్సిలు కూడా ఉండటమే ప్రమాదం. చట్టం అవతలివాడి జవాబు వినమంటుంది. గణితం వరస చూడమంటుంది. నరం నిరోధాన్ని కూడా లెక్కలో వేస్తుంది. రేపు నల్లకోటు వేసుకుని ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో కోర్టు మెట్లెక్కితే, నా దగ్గరికి వచ్చే మొదటి కక్షిదారు చదువురాని మనిషే కావచ్చు. చిట్టా చూసి భయపడి వచ్చే ఆ మనిషి తరఫున నేను మొదట అడగవలసిన మాట ఏమిటో నాకు ఇప్పుడే తెలుసు: "అయ్యా, జమ పేజీ తియ్యండి."